బూడిదను మేపిన మామ

మామ పోయాడని తెలిసి నేను ఏడుద్దామనే వెళ్లాను. కానీ నా ముఖం అందుకు ఒప్పుకునే ముఖం కాదు. గడపలో అడుగు పెట్టగానే అక్కడ కూర్చున్న ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దుఃఖం ఆపుకుంటున్నారనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటున్నారు. నేనింకా నోరే తెరవలేదు. నాలుగో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ నా సంగతి ఇదే. బడి నేనే మానేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు గానీ, నేను పోయిన మర్నాడు మా పంతులు పిల్లలందరికీ పుట్నాలు పంచిపెట్టాడు. దాన్నిబట్టి ఎవరిని ఎవరు వదిలించుకున్నారో మీరే తేల్చుకోండి.

ఆయన నాకు సొంత మామ కాడు. ఆయనది గొర్లు కాసుకునే ఇల్లు, మాది మగ్గం నేసే ఇల్లు. ఊళ్లో వరసలు కలుపుకొని పిలుచుకుంటాం, అంతే. ఆయనకు పిల్లలు లేరు కనుక నన్ను 'అల్లుడా' అనడంలో ఆయనకు గానీ, అనిపించుకోవడంలో నాకు గానీ ఏ ప్రమాదమూ లేదు.

మా ఊరి నుంచి తిరుమలగిరి అంగడికి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఊరి చివర సేటు మిల్లు. ఒక పక్క వడ్లు ఉడకబెట్టి బియ్యం పట్టేవారు, ఇంకో పక్క పల్లీనూనె ఆడేవారు. వడ్లు ఉడకబెట్టే బాయిలర్ కింద ఊక మండాలి. ఆ పొయ్యి ముందు కూర్చుని ఊక ఎగదోసే మనిషి మామ. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఆ పొయ్యి ముందు కూడా భుజాల మీద గొంగడి ఉండేది.

"ఉడకపోస్తలేదా మామా?"

"బయటి ఉడుకు లోపటికి రావొద్దని కప్పుకున్న."

చలికాలంలో అడిగితే "లోపటి ఉడుకు బయటికి పోవద్దని" అనేవాడు. రెండూ కాని కాలంలో అడిగితే "నీకెందుకు?" అనేవాడు.

పొయ్యి ఆయనకు కూలి. బూడిద ఆయనకు మంద. మిల్లు వెనక జాగాలో తుమ్మకంపతో మూడు దొడ్లు కట్టాడు. ఒకదాంట్లో సగం కాలిన నల్లబూడిద, ఒకదాంట్లో పూర్తిగా కాలిన తెల్లబూడిద, మూడోదాంట్లో ఎటూ తేలని బూడిద. "గీ మూడోది నీ అసొంటిది అల్లుడా" అనేవాడు. గొర్లు కాసిన పాత కర్రతోనే బూడిదను దొడ్లోకి తోసేవాడు, తోస్తూ నాలుక మడిచి గొర్లను అదిలించినట్టు అదిలించేవాడు. గాలి లేచిందంటే బాయిలర్ను దేవుడికి వదిలేసి తడకలు పట్టుకుని ఉరికేవాడు. "మంద చెదిరిపోతాంది, పట్టుండ్రి!" అని కేకలు. కొత్తగా వచ్చిన హమాలీలు నిజంగానే గొర్ల కోసం చుట్టూ వెతికేవారు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఇత్తడి చెంబు ఉండేది. పొయ్యిలోంచి తీసిన బూడిదను చల్లారాక చిటికెడు పట్టి, చెంబులో నీళ్ల మీద చల్లి, ముక్కు ఆనించి చూసేవాడు. తేలితే నల్లదొడ్డికి, మునిగితే తెల్లదొడ్డికి. చూడటం అయ్యాక ఆ నీళ్లు గటగటా తాగేవాడు. మా వాడలో పిల్లనిచ్చేవాళ్లు అబ్బాయి గురించి సలహా అడిగినా ఆయన ప్రశ్న ఒకటే: "తేలుతడా, మునుగుతడా?" దానికి జవాబు ఎలా చెప్పాలో తెలియక రెండు సంబంధాలు వెనక్కి పోయాయి.

పిచ్చి అనుకునేవాళ్లం. కానీ నూనె మిల్లులో నూనె ఒలికి గచ్చు మీద కూలివాళ్లు జారిపడుతుంటే పరుగున వచ్చేది ఆయనే. గంపెడు నల్లబూడిద చల్లి, బీడీ కాల్చుకునేంత సేపు ఆగి, చీపురుతో ఊడ్చేస్తే కింద గచ్చు అద్దం. నూనె తాగిన ఆ బూడిదను పారెయ్యనిచ్చేవాడు కాదు. పేడ కలిపి ముద్దలు చేసి ఎండబెట్టి సున్నపు బట్టీకి మోసేవాడు. కట్టెలతో అరగంటలో ఆరిపోయే మంటను ఆ ముద్దలు పూటంతా నిలబెట్టేవని బట్టీవాడు చెప్పేవాడు. అవి కృష్ణ మీద పెద్ద కట్ట కడుతున్న రోజులు. సున్నానికి గిరాకీ, సిమెంటుకు పర్మిట్. మామ ఇంటికి మాత్రం పర్మిట్ లేదు. తెల్లబూడిద, సున్నం కలిపి తన ఇంటి గోడకు తనే పూశాడు. ఆ గోడకు క్యాలెండరు తగిలిద్దామని నేను మేకు కొడితే మేకు వంగింది. ఇంకోటి కొడితే సుత్తి పిడి ఊడింది.

"గోడను అడిగి కొట్టాలె అల్లుడా" అన్నాడు మామ.

ఇక మా వాడకూ ఆ బూడిదకూ ఉన్న తగాదా చెప్పాలి. మా సాలెవాడ మిల్లుకు గాలివాటున ఉంది. పడుగుకు గంజి పెట్టి వీధి పొడవునా సాగదీసి ఆరబెడతాం. గంజి తడి ఆరకముందే గాలి వచ్చిందా, మామ మందలో సగం మా పడుగు మీద వాలేది. తెల్లనూలు మచ్చల మేకలా తయారయ్యేది. తడకలు అడ్డం పెట్టినా కొంత ఎగిరి వచ్చేదే. మా బాపు మూడుసార్లు మామతో కొట్లాడాడు. నాలుగోసారి వాడంతా కూడి సేటుకు దరఖాస్తు పెట్టాలని తీర్మానించింది. రాయడానికి నన్ను పట్టుకున్నారు. చదువు లేకున్నా నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది.

నాకు కలం దొరకడమే చాలు. "సదరు బూడిద మనుషులకు గాని, పశువులకు గాని, దేవతలకు గాని ఏ విధముగానూ పనికిరానిదై, మా పడుగులపై వాలి మమ్ములను నానా హైరానా చేయుచున్నందున, దానిని వెంటనే వాగులో కలిపించవలెనని ప్రార్థన." దేవతల సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే ఊపులో చేర్చాను. సేటు చదివించుకుని విన్నాడు. వచ్చే అంగడిలోపల మూడు దొడ్లూ ఎత్తి వాగులో పొయ్యాలని హుకుం చేశాడు. ఎత్తే బండి ఎవరిది? మిల్లు బండి. తోలేది ఎవరు? నేనే. మగ్గం గుంటలో కూర్చోబెడితే పోగులకంటే నా మాటలే ఎక్కువ సాగుతున్నాయని బాపు నన్ను ఆ బండికి అప్పగించి అప్పటికి రెండేళ్లయింది.

ఆ కబురు విన్న రోజు మామ పొయ్యి ముందు నుంచి లేవలేదు. చెంబులో బూడిద వేసి చూస్తూ కూర్చున్నాడు. అది తేలిందో మునిగిందో కూడా చెప్పలేదు. నాకు తోచక "దేవతలు ఒప్పుకుంటే వాపస్ తెస్త మామా" అన్నాను. నవ్వలేదు.

మర్నాడు పొద్దున సేటు ఇంజను కోసం క్రూడాయిలు పీపా ఒకటి బండి మీద తెస్తున్నాను. అది దించి, తర్వాత బూడిద ఎత్తాలి. దారిలో మా వాడ మంచినీళ్ల బావి ఉంది. మెట్లతో దిగే బావి. వాడంతటికీ తాగడానికీ, గంజి కాయడానికీ తీపి నీళ్లు అదొక్కటే. మిగతావన్నీ చవుడు నీళ్లు. ఆ నీళ్లతో గంజి కాస్తే నూలు పిండిలా రాలిపోతుంది. అది నడి ఎండాకాలం. బావి గట్టున నీళ్ల కోసం ఆడవాళ్లు ఆరేడుగురు. అంతమంది కలిసి కనిపిస్తే నా బండి ముందుకు పోదు.

"సేటు వాగు కాడికి బూడిద చూడనీకి ఎట్ల వస్తడో చూస్తరా?" అన్నాను. సేటు నడక అంటే పొట్ట కావాలి. బండిలో పీపా దొర్లకుండా అడ్డం పెట్టిన గుండ్రాయి చేతికి అందింది. తీసి చొక్కాలో దోపుకున్నాను. పొట్ట బాగా కుదిరింది. రెండడుగులు వేసి, పొట్ట మీద చెయ్యి పెట్టి, "బూడిద మొత్తం పోయిందా బే?" అన్నానో లేదో, నవ్వులు మిన్నంటాయి. ఎద్దు ఈగను తోలుకోవడానికి ఒక్కసారి ఒళ్లు విదిలించింది. పీపా దొర్లింది. గట్టుకు తగిలి బిరడా ఊడింది, లోపలి నూనె మెట్ల మీదుగా గటగటా బావిలోకి పారింది. మేము చేరి దాన్ని పైకి లేపేసరికి సగం ఖాళీ. నీళ్ల మీద నూనె నెమలి ఈకలా రంగులు తిరుగుతోంది.

వాడ వాడంతా వచ్చింది. మా బాపు తలపాగా విప్పి మెట్టు మీద కూలబడ్డాడు. ఎవరో అన్నారు, "గీ పని జేసినోన్ని వాడల ఉంచొద్దు."

నా నోరు నా అనుమతి అడగలేదు. "ఎడ్లు బెదిరినయ్!" అంది.

ఎద్దులు అప్పుడు కూడా నెమరేస్తూనే ఉన్నాయి. అందరూ నీళ్లనే చూస్తున్నారు కనుక వాటి వైపు ఎవరూ చూడలేదని నా ధైర్యం. అప్పుడు మామ వచ్చాడు, గొంగడి, కర్ర, చెంబుతో సహా. బావిని చూశాడు. పీపాను చూశాడు. ఎద్దులను చూశాడు. ఆఖరికి నా పొట్టను చూశాడు. దగ్గరికి వచ్చి, చొక్కాలో చెయ్యి పెట్టి, రాయి బయటకు తీసి బండి కిందకు దొర్లించి, నా చెవిలో మెల్లగా అన్నాడు:

"కాన్పు సుఖంగ అయింది అల్లుడా. ఇగ పో, నా దొడ్లకెళ్లి నాలుగు గంపలు తే."

నేను పరుగెత్తాను. ఏ దొడ్డి అని అడగలేదు. తాగే నీళ్లలో వేసేది శుభ్రంగా ఉండాలి కదా అని నా బుద్ధికి తోచి, తెల్లగా విభూతిలా మెరుస్తున్న దొడ్లోంచి నాలుగు గంపలు తెచ్చి, మామ ఆపేలోపల రెండు కుమ్మరించాను. అది తిన్నగా అడుగుకు పోయింది. నూనె పైనే ఉంది. మధ్యలో నీళ్లు మజ్జిగలా తయారయ్యాయి.

"అయ్యో, ఇగ సున్నం గూడ గలిపిండు వీడు!" అని ఒక ముసలమ్మ తల కొట్టుకుంది.

"సున్నం గాదు, బూడిద" అన్నాడు మామ. "పొద్దుమూకే వరకు అడుగుకు దిగుతది, ఫికర్ లేదు. అల్లుడా, నిన్ను బండికి గట్టి ఎడ్లను పంపితే నల్లది తెస్తుండె."

ఈసారి నల్లది వచ్చింది. మామ తానే మెట్లు దిగి, గంప నుంచి పిడికిళ్లతో గొర్లకు మేత చల్లినట్టు చల్లాడు. అది నీళ్ల మీద గొంగడి పరిచినట్టు పరుచుకుంది. మునగలేదు. కూర్చుని చూస్తుండగా రంగులు ఒక్కొక్కటే పోయాయి. నూనె దాన్లోకి ఎక్కుతోంది. వాడంతా మెట్ల మీదికి వంగి చూస్తోంది. బాపు మెల్లగా లేచాడు.

"ఇప్పుడు దీన్ని ఎత్తాలె. బట్ట గావాలె" అన్నాడు మామ. సాలెవాడలో బట్టకు కరువేముంది? పది ఇళ్ల నుంచి పది బట్టలు వచ్చాయి. ఒక్కొక్కటీ పట్టి చూసి పక్కన పడేశాడు. "మీరు మస్తు ఒత్తుగ నేస్తరు. నీళ్లు జారవు. వదులుగ, జల్లెడ తీరుగ ఉన్నది లేదా?"

వాడ మొత్తం ఒక్కసారిగా నావైపు తిరిగింది. నేను జన్మలో నేసిన బట్ట ఒక్కటే. దాన్ని బాపు అమ్మలేక, పారెయ్యలేక, ఎట్లా నేయకూడదో తమ్ముళ్లకు చూపించడానికి దూలానికి వేలాడదీశాడు. అది వచ్చింది. మామ దాన్ని ఎండకు ఎత్తి, అందులోంచి సూర్యుణ్ణి, ఆ పక్కన మా బాపునూ చూసి, "శభాష్, గిది పనికొస్తది" అన్నాడు. నా నేతను మెచ్చుకున్న మనిషి భూమ్మీద ఆయనొక్కడే.

నాలుగు మూలలు నలుగురం పట్టి, నడుంలోతు నీళ్లలో నిలబడి, బట్టను ముంచి బూడిద కిందకు తోసి, పైకి లేపాలి. నీళ్లు జారిపోతాయి, బూడిద నిలుస్తుంది. మళ్లీ చల్లాలి, మళ్లీ ఎత్తాలి. ఒక మూల నేను, ఒక మూల బాపు. మామ మెట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"పనికి పాట ఉండాలె. అల్లుడా, నువ్వు రాసినవు గద దరఖాస్తు, అది అందుకో."

"మామా, గదిప్పుడెందుకు..."

"అందుకో. మంచిగ రాసినవంట."

తప్పలేదు. "సదరు బూడిదా..." అన్నాను. "హైసా!" అని వాడ బట్ట లేపింది. "మనుషులకు గానీ..." "హైసా!" "పశువులకు గానీ..." "హైసా!" దేవతల దగ్గరికి వచ్చేసరికి బాపుకు నవ్వు ఆగక బట్ట వదిలేశాడు, ఒక ఎత్తు బూడిద మళ్లీ నీళ్లలో పడింది. "ఏ విధముగానూ పనికిరానిదై" అన్న చోట మామ చెయ్యెత్తి ఆపి, "గా ముక్క ఇంకోసారి" అన్నాడు. అలా ఆ ముక్క నేను ఎన్నిసార్లు పాడానో లెక్కలేదు. బావి గట్టు మీద నల్లటి బూడిద కుప్ప పెరుగుతోంది, నీళ్లు మళ్లీ నీళ్లలా అవుతున్నాయి.

పొద్దు వాలేసరికి నూనె పోయింది. మామ అంతటితో వదల్లేదు. రెండు రోజులు నీళ్లు తోడి పారబోయించాడు, కొత్త ఊట పడనిచ్చాడు. మూడో రోజు చెంబు ముంచి, వాసన చూసి, తాగి, కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. వాడంతా ఆయన కంఠం వైపే చూస్తోంది.

"ఎట్లున్నయి?" అన్నాడు బాపు.

"నీళ్ల లెక్కనే ఉన్నయి" అన్నాడు మామ. అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు అందరూ. ఆ సాయంత్రమే వీధిలో గంజి ఉడికిన వాసన వచ్చింది.

నూనె తాగిన బూడిద బండెడు, ముద్దలై ఎండి, సున్నపు బట్టీకి పోయింది. ఆ బట్టీ సున్నంలోనే తెల్లబూడిద కలిపి, పీపా తగిలి పగిలిన బావి గట్టును మామ అతికించాడు. మా బాపు నాతో రెండో దరఖాస్తు రాయించాడు. "సదరు బూడిదను వాగులో కలుపుట మహాపాపమని తేలినందున" అని మొదలుపెట్టాను. సేటు అదీ విన్నాడు. "మీకు ఒక మాట మీద నిలబడుడు రాదా?" అన్నాడు కానీ దొడ్లు ఉండనిచ్చాడు. మామ వాటి చుట్టూ తడకలు ఇంకో నిలువు ఎత్తు లేపి, పడుగులు సాగే వేళ తెలుసుకుని నీళ్లు చిలకరించేవాడు. ఎప్పుడైనా ఒకటి రెండు రేణువులు ఎగిరి వస్తే బాపు పడుగు మీంచి వేలితో తీసి, "తప్పిపోయి వచ్చింది పాపం" అని ఊదేసేవాడు.

ఎద్దుల గురించి మామ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆయనొక్కడికే తెలిసిన ఆ రహస్యం కారణంగా ఆయన ముందు నేను పదేళ్లు జాగ్రత్తగా మసలుకున్నాను. వాడ మాత్రం ఎప్పటిలా నా మాటలకు నవ్వేది. ఒక్కోసారి వాళ్ల నవ్వు నా మాట కంటే కొంచెం ముందే మొదలయ్యేది. నా పేరు అంత గొప్పదైంది కాబోలు అనుకునేవాణ్ణి.

బూడిదతో బతికిన ఆ మనిషిని వాళ్ల ఆచారం ప్రకారం కాల్చలేదు, పూడ్చారు. పక్కన గొంగడి మడతపెట్టి పెట్టారు. ఆ రోజు నేను అత్త పక్కన కూర్చున్నాను. మామ భార్యను నేను అత్తా అనే పిలుస్తాను. ఆమె ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఇప్పుడైనా చెప్పకపోతే ఆ మనిషి మీద బరువు ఉండిపోతుందనిపించింది.

"అత్తా, ఒక మాట. ఇన్నేండ్లు మామ కడుపుల దాసుకున్నడు. ఆ దినం ఎడ్లు బెదరలే. రాయి తీసింది నేనే."

ఇన్నాళ్లకు ఒక్క మాట నవ్వు లేకుండా చెప్పగలిగాను. నా కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, జబ్బు చేసిన గొర్రెపిల్లను చూసినట్టు నన్ను చూసింది.

"గది వాడకంతా ఎరికేనాయె అల్లుడా. బొర్రల రాయి వెట్టుకొని ఎడ్ల మీద జెప్తుంటే ఎవలు నమ్ముతరు? గా సాయంత్రమే మీ మామ ఇంటింటికి తిరిగి జెప్పొచ్చిండు, మనకు ఎరికైనట్టు వానికి తెల్వనియ్యకుండ్రి, సిగ్గువడి నోరు మూసుకుంటే వాడ సప్పగైతది అని. పదేండ్ల సంది మేమందరం నోరు మూసుకొనే ఉన్నం. నీకే చాత గాలే!"